పేరు పెట్టి చేసిన ప్రార్థన

రజాకార్లు పోయి యూనియన్ మిలిటరీ వచ్చిన మరుసటి ఎండాకాలం. ఇబ్రహీంపట్నం ప్రార్థన ఇంట్లో ఆదివారం ఆడవాళ్లు వరుసగా ప్రార్థిస్తున్నారు. ఎవరి కోసం ప్రార్థిస్తే వాళ్ల పేరు పైకి చెప్పడం అక్కడి ఆనవాయితీ. తన వంతు దగ్గరవుతున్న కొద్దీ సుసన్న చాప పోచలు పీకుతోంది.

మూడు వారాల కిందట ఇదే చాప మీద, కళ్లు మూసుకుని ఆమె అంది: "ప్రభువా, సీమోను కొరకు అడుగుతున్న. ఆరాధనకు వస్తలేడు. పట్టపగలే దళపోళ్లకు జొన్న గట్క పెడుతుండు. ఆయన మనసు మార్చు తండ్రీ."

అందరూ ఆమేన్ అన్నారు. సీమోను మీద ఆమె అసలు కోపం వేరు. అతని మేకలు ఆమె జొన్నచేను మేశాయి, అడిగితే నవ్వాడు. మేకల మాట దేవుడికి చెప్పడానికి సిగ్గేసి, అతని పాపం చెప్పింది. గడప దగ్గర అంటే చాడీ అయ్యేది. మోకాళ్ల మీద అనేసరికి ప్రార్థన అయింది.

ఆ మాట ఎవరి నోట బయటికి పోయిందో తెలియదు. బుధవారం కమ్యూనిస్టు దళాలను వెతికే మిలిటరీ లారీ వచ్చి సీమోనును ఎక్కించుకుపోయింది. ఇంతవరకు జాడ లేదు.

అప్పటి నుంచి సుసన్నకు ఆ ప్రార్థన చేసిన తన గొంతే వినిపిస్తోంది. తిరగలి తిప్పుతుంటే, బావిలో చేద మునుగుతుంటే. మెత్తగా, భక్తిగా. తిట్టినట్టు వినిపించినా కొంత ఊరటగా ఉండేది.

ఇప్పుడు ఆమె పక్కన కూర్చున్నది సీమోను భార్య సంతోషమ్మ. సుసన్న ఆ ప్రార్థన చేసిన ఆదివారం సంతోషమ్మ జ్వరంతో రాలేదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనూ లేదు.

"అక్కా, నా వంతు గూడ నువ్వే చెయ్. నాకు మాట వస్తలేదు. ఆయన కోసం అడుగు," అంది సంతోషమ్మ.

"జల్ది కానియ్యి సుసన్నా," వెనక నుంచి ముసలి పోశమ్మ అంది. "నీ ప్రార్థన అయ్యేటాల్లకు ఇంట్ల గంజి సల్లారుతది."

"సల్లారనియ్యి పెద్దమ్మా. అక్క అడిగితే దేవుడు జల్ది వింటడు."

ఎత్తిపొడుపేమోనని సుసన్న ఉలిక్కిపడి సంతోషమ్మ ముఖంలోకి చూసింది. ఆ కళ్లలో ఏడ్చి ఏడ్చి మిగిలిన ఎరుపు తప్ప ఏమీ లేదు.

సీమోను పేరు నాలుక దాకా వచ్చింది. ఏడుస్తూ అడగవచ్చు. అందరూ మళ్లీ ఆమేన్ అంటారు. ఆ మెత్తని గొంతు మళ్లీ గెలుస్తుంది.

ఆమె కళ్లు మూయలేదు. సంతోషమ్మ వైపు తిరిగింది.

"చెల్లె, సీమోను దళపోళ్లకు తిండి పెడుతుండని పదిమందిల చెప్పింది నేనే. గీ చాప మీదనే. మేకలు నా చేను మేసినయని కడుపుమంటతోని చెప్పిన."

ఎవరూ ఆమేన్ అనలేదు. సంతోషమ్మ చాప కొస మీది నుంచి నేల మీదికి జరిగింది.

సుసన్న చెవుల్లో తన గొంతు ఆగిపోయింది. ఇప్పుడు సంతోషమ్మ ఊపిరి వినిపిస్తోంది. ఇల్లు చేరాక కూడా వినిపిస్తూనే ఉంది.