అందని మూడో సంచిక

మా ఇంటి ముందుగదిలో ఒక పత్రిక తయారవుతుంది. కథలూ, సినిమా బొమ్మలూ ఉండే పత్రిక అనుకునేరు, అది కాదు. లైబ్రరీల్లో పనిచేసేవాళ్ళ కోసం ఆ పనివాళ్ళే రాసుకునేది. పుస్తకాలకి చెద పడితే ఏం చెయ్యాలి, ఊడిన అట్టని ఎలా అతకాలి, ఏది ఎక్కడ పెడితే అడిగినవాడికి చటుక్కున దొరుకుతుంది, ఇలాంటివన్నీ ఉంటాయి. మూడు నెలలకొకటి, ఏడాదికి నాలుగు సంచికలు. మా కోడలు దానికి సంపాదకురాలు. పగలు కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం, సాయంత్రం ఈ చాకిరీ.

నేను చదివింది మూడో తరగతి. అందుకని కాపీలు కవర్లలో పెట్టి చిరునామాలు అంటించే పని నాకిచ్చారు. పన్నెండేళ్ళుగా అంటిస్తున్నాను. రెండు వందల డెబ్భై లైబ్రరీల చిరునామాలు నాకు నోటికొచ్చు. మా అబ్బాయి ఫోన్ నంబరు అడగండి, రాదు.

ఇంకో మనిషి ఉన్నారు, కార్డుల మాస్టారు. లైబ్రేరియన్‌గా నలభై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. చొక్కాజేబులో ఎప్పుడూ తెల్లకార్డుల కట్ట ఉంటుంది. ఎక్కడ మంచి మాట వినబడినా కార్డు తీసి రాసుకుంటారు, అందుకని ఆ పేరు. మంగళవారం మంగళవారం వచ్చి అచ్చుతప్పులు దిద్దుతారు. అట్ట మీద అంకె వేసేది కూడా ఆయనే. ఇది ఎన్నో సంవత్సరం, ఎన్నో సంచిక అని. ఆయన వేసిన అంకెని మళ్ళీ చూసినవాళ్ళు లేరు. సూర్యుడు తూర్పున వచ్చాడా లేదా అని ఎవరైనా చూస్తారా?

పోయినేడు ఆయన ఇల్లాలికి జబ్బు చేసింది. మూడు నెలలు ఆసుపత్రిలోనే గడిచాయి. చివరికి ఆ తల్లి దక్కలేదు. అదే రోజుల్లో ప్రెస్సులో మెషిను చెడి మా మూడో సంచిక ఆగిపోయింది. సరే, అన్నీ సర్దుకున్నాక మాస్టారు మళ్ళీ సంచీ తగిలించుకుని వచ్చారు. సంచిక దిద్దారు, అంకె వేశారు, అచ్చయింది. అన్ని కాపీలూ నా చేతుల మీదుగానే పోస్టుకి వెళ్ళాయి.

పదిరోజులు తిరక్కుండానే ఉత్తరాలు మొదలయ్యాయి. ముందు రెండు, తర్వాత ఏడు, ఆ తర్వాత పోస్టుమాను కట్ట కట్టి తెచ్చాడు.

"ఏంటమ్మా, మీ ఇంట్లో పెళ్ళా?" అన్నాడు.

"పెళ్ళయితే నీకు చెప్పకుండా చేస్తామా నాయనా" అన్నాను కానీ, నాకూ అర్థం కాలేదు. కోడలు ఒక్కోటి విప్పి చదివింది. అన్నిటిలోనూ ఒకటే మాట. మీ నాలుగో సంచిక అందింది, మూడో సంచిక అందలేదు, దయచేసి పంపండి.

కోడలు అట్ట వంక చూసి అలాగే కూలబడింది. "అత్తయ్యా, మూడుకి బదులు నాలుగు వేసేశారు."

ఆ నాలుగు నా వేళ్ళ కిందనుంచి రెండు వందల డెబ్భై సార్లు వెళ్ళింది కదా, ఒక్కసారీ తట్టలేదు.

"పోనీలే, ఒక అంకేగా" అన్నాను.

"మన పాఠకులు ఎవరనుకున్నారు? నాలుగూ చేరితే గానీ ఏడాది సంపుటం బైండింగుకి పంపరు. ఒకటి లేకపోతే బీరువాలో అంత చోటు ఖాళీగా ఉంచి, అది వచ్చేదాకా ఉత్తరాలు రాస్తూనే ఉంటారు."

పన్ను ఊడిన చోటికే నాలుక పోయినట్టన్నమాట.

మర్నాడు, ఈ పత్రిక నడిపే లైబ్రేరియన్ల సంఘం కార్యదర్శి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, తొందర ఎక్కువ. టీ కూడా నిలబడే తాగుతాడు.

"పుస్తకాల లెక్క ఎలా ఉంచాలో లోకానికి చెప్పే పత్రిక మనది. మన లెక్కే తప్పితే నవ్వరా మేడమ్? మాస్టారికి వయసైపోయింది. ఆదివారం మీటింగులో ఆయన్ని తప్పిద్దాం. మూడో సంచిక లేదని అందరికీ ఒక ఉత్తరం పడేద్దాం."

"ఆయనకి ఇప్పుడు ఈ పనొక్కటే మిగిలిందండీ" అంది కోడలు.

"జాలిపడితే తప్పులు ఆగుతాయా మేడమ్?" అని కప్పు కింద పెట్టి వెళ్ళిపోయాడు. కోడలు ఆ కప్పు వంకే చూస్తూ కూర్చుంది. అతనన్నది పూర్తిగా అబద్ధమూ కాదు, అదే దాని బాధ.

మంగళవారం మాస్టారు వచ్చేసరికి కోడలింకా కాలేజీనుంచి రాలేదు. నేను జిగురు ఉడికిస్తున్నాను. మాట ఎలా ఎత్తాలో తెలియక, "అన్నయ్యగారూ, మూడో సంచిక మీకు అందిందా?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "లేదు చెల్లెమ్మా. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు వేసేసి ఉంటారుగా. ఆ గొడవలో నాకు పంపడం మరిచారనుకున్నాను. అడగడానికి మొహమాటమేసింది. ఇంట్లో బీరువాలో దానికి చోటు మాత్రం వదిలిపెట్టాను."

ఊరంతా మూడోది ఏదీ అని రాస్తుంటే, అడగకుండా ఎదురుచూసింది ఈయనొక్కడే. ఆయన లెక్కలో ఆ మూడు నెలలు అందరికీ మామూలుగానే గడిచిపోయాయి, తనకి తప్ప. మీరు లేని ఆ మూడు నెలలూ మాకూ పని ఆగిపోయింది మహానుభావా అని ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాను. వేరే దారిలేక అంకె సంగతీ చెప్పాను.

ఆయన జేబులోంచి కార్డు తీసి ఏదో రాసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

ఆదివారం మా ముందుగదిలోనే మీటింగు. సంఘంవాళ్ళు ఆరుగురు వచ్చారు. కార్యదర్శి గొంతు సవరించుకునేలోపే మాస్టారు లేచి ఆ కార్డు చదివారు. "తప్పు నాది. ఇంత పెద్ద తప్పు చేసినవాడు అంకెలు వెయ్యకూడదు. ఈరోజుతో నేను తప్పుకుంటున్నాను."

కార్యదర్శి చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అడక్కుండానే ఇచ్చేస్తే తీసుకోవడం కష్టం. కోడలు తలొంచుకుంది. నేను ఉత్తరాల బుట్ట తెచ్చి బల్ల మీద గుమ్మరించాను.

"నాదొక మాట. ఇన్ని లైబ్రరీలవాళ్ళు మూడోది కావాలంటున్నారు. లేదని రెండు వందల డెబ్భై ఉత్తరాలు రాసే బదులు, అడిగింది ఇచ్చేస్తే పోలా?"

"అచ్చుకానిది ఎలా ఇస్తామండీ పెద్దమ్మగారూ?" అన్నాడు కార్యదర్శి.

"అచ్చువేసి."

ఎవరో కిసుక్కున నవ్వారు. కార్యదర్శి నవ్వలేదు. "నాలుగు వచ్చాక మూడు ఎలా వస్తుంది? అయినా అందులో ఏం వేస్తాం? రాసినవాళ్ళు లేరు."

"రాసినవాళ్ళు బల్ల మీదే ఉన్నారు. అడగడం ఒక వాక్యమే, మిగతా ఉత్తరమంతా వాళ్ళ పని గోలే" అంది కోడలు. ఒకటి తీసి చదివింది. పైపు పగిలి పుస్తకాలు తడిశాయి, ఎండలో పెట్టమంటారా అని జైలు లైబ్రరీ ఆయన రాశాడు. కళ్ళు కనబడని పిల్లలకి పుస్తకాలు ఎలా అమర్చాలని ఒక బడి లైబ్రేరియనమ్మ అడిగింది.

"ఎండలో వద్దు, అట్టలు వంకర్లు పోతాయి" అన్నారు మాస్టారు, తప్పుకున్నానని మరిచిపోయి. "పేజీల మధ్య తెల్లకాగితాలు పెట్టి, నిలబెట్టి, ఫాను గాలికి ఆరబెట్టమనండి. ఇక వెనకా ముందూ అయిన అంకె సంగతా, మొదటి పేజీలో ఒక గమనిక వేస్తే సరి. మన పాఠకులకి గమనిక అంటే ప్రాణం."

కార్యదర్శి ఆ రోజు మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. ఉత్తరాలు ఒక్కోటే తిరగేశాడు. చివరికి, "సరే. కానీ ఇకమీదట ఆయన వేసిన అంకెని ఇంకొకరు చూడాలి. ఎవరు చూస్తారు?" అన్నాడు.

"మా అత్తయ్య" అంది కోడలు.

"నేనా? మూడో తరగతి చదివినదాన్ని."

"నాలుగు దాకా లెక్కపెట్టడం వస్తే చాలమ్మా" అన్నారు మాస్టారు.

నెలన్నర పట్టింది. ఉత్తరాల్లోని ఒక్కో ప్రశ్నకీ జవాబు మాస్టారు చెబుతుంటే కోడలు రాసింది. గమనిక ఆయనే రాశారు. 'ఈ అంకె తప్పు పడటానికి కారణం నేను. అడిగినవారందరికీ కృతజ్ఞతలు' అని కింద తన సంతకం పెట్టారు. ఆ సంతకాన్ని కోడలు తీసేయబోతే ఆయన ఒప్పుకోలేదు. అట్ట ప్రూఫు నా ముందు పెట్టారు. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి, పైకి చదివాను. మూడు.

కాపీలు వచ్చిన రోజు మొదటిది తీసి ఆయన చేతికివ్వబోయాను. తీసుకోలేదు.

"అందరితోపాటు నాకూ పోస్టులోనే పంపించు చెల్లెమ్మా" అన్నారు.

ఆయన చిరునామా అచ్చుకాగితం పక్కన పెట్టేసి, నా వంకర అక్షరాలతో నేనే రాసి అంటించాను. నాలుగు రోజులకి మా ఇంటికి ఒక కార్డు వచ్చింది. తెల్లకార్డు, ఆయన దస్తూరీ.

"మూడో సంచిక అందింది. వదిలిన చోటు సరిపోలేదు, ఇంత లావుగా వస్తుందనుకోలేదు. బీరువా సర్దుతున్నాను. మంగళవారం కాస్త ఆలస్యంగా వస్తాను."