వంగని చేతిరాత

పొద్దున్నే పొయ్యి మీద టీ పెట్టి, ఫ్రిజ్‌కి అంటించిన చీటీల వంక ఓసారి చూసి పనిలో పడటం ఆ వీధిలో అందరికీ అలవాటు. ఇంట్లోవాళ్లు పెన్నుతో రాసిన చీటీలవి. మనిషికి ఒంట్లో బాగోకపోతే, ఎన్నడో రాసిన అక్షరాలు కూడా వంగుతాయి. నెమ్మదిస్తే లేచి నిలబడతాయి. మనిషి పోతే సిరా కూడా పోయి తెల్లకాగితం మిగులుతుంది. "మీ మరిది అక్షరాలు నీరసంగా ఉన్నాయి, ఓసారి పలకరించు" అనుకోవడం, మబ్బు పట్టింది బట్టలు తియ్యి అన్నంత మామూలు.

ఆ వీధిలో లెక్కల మాస్టారు ట్యాబ్లెట్ కొన్నాడు. గాజు మీద స్టైలస్‌తో రాస్తే అక్షరం వంగదు. చెయ్యి వణికినా ఆ యంత్రమే సర్దేస్తుంది.

"ఇంక ఈ కాగితాల చెత్తెందుకు?" అన్నాడు భార్యతో. ఆ ఆదివారమే బీరువాలు ఖాళీ చేసి, ఫ్రిజ్ మీది చీటీలు పీకి, పెళ్లికి ముందు ఆమెకు రాసినవి కూడా గోనెసంచిలో కుక్కి పాత కాగితాలవాడికి ఇచ్చేశాడు.

"అవి కూడానా?" అందామె.

"ఫోటోలు తీసి ఇందులో పెట్టానులే. చెదపట్టవు."

ఆమె బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్ చూసుకునేది. ఆ మధ్యే వేరే ఊళ్లో కొత్త ఫ్యాక్టరీ మొత్తం అప్పగిస్తామన్నారు. ఏళ్ల తరబడి ఆశపడ్డ పని. ఆమె ఊగిసలాడుతుంటే ఆయనే అటక మీంచి సూట్‌కేసు దించాడు.

"వెళ్లు. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

వెళ్లింది. ఫోన్ చేస్తే క్లాసులో ఉన్నానని పెట్టేసేవాడు. రోజూ ట్యాబ్లెట్ మీద రాసిన ఆయన చేతిరాత మాత్రం ఆమె ఫోన్‌కి వచ్చేది: "బాగున్నాను. నువ్వు పని చూసుకో." గుండ్రంగా, పొందికగా, గీత గీసినట్టు. "మా ఆయన రాత చూడండి" అని తోటివాళ్లకు చూపించుకుని మురిసిపోయేది.

సెలవుకి వచ్చినప్పుడు "ఏంటిలా చిక్కారు?" అనడిగితే, వంట చేతకాకన్నాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యూజు చూద్దామని మెట్ల కిందకి వెళ్లి మీటరు పెట్టె తెరిచింది. ఇల్లు కట్టినప్పుడు ఆయన రాసి అంటించిన చిన్న చీటీలున్నాయక్కడ. వంటిల్లు, హాలు, మోటారు. పారేసేటప్పుడు గుర్తురాలేదు కాబోలు. అక్షరాలు వంగడం కాదు, ఒకదాని మీద ఒకటి కూలిపోయి ఉన్నాయి. 'వంటిల్లు'లో సున్న దొర్లి చీటీ అంచుకి చేరింది.

ఆమె వరండాలోకి వచ్చింది.

"ఎప్పట్నించి?"

ఆయన మొహం తిప్పుకున్నాడు. "ట్యాబ్లెట్ కొనకముందు నుంచీ. అక్షరాలు వంగేలోపే చీటీలు తీసేశాను."

డాక్టర్ స్కాన్ చూసి, "ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. ముందే తీసుకురావాల్సిందమ్మా," అన్నాడు, తప్పంతా ఆమెదే అన్నట్టు.

ఉద్యోగం వదిలేసింది. ఆ సీట్లో ఇంకెవరో కూర్చున్నారు. ఆయనకు ఒళ్లు తుడిచేది, మందులు వేసేది, మాట్లాడేది మాత్రం కాదు. ఓ సాయంత్రం ఉండబట్టలేక అడిగేసింది.

"నన్ను పంపించేసి ఒక్కరే చచ్చిపోదామనా?"

"మా నాన్న మంచాన పడ్డప్పుడు, మా అమ్మ లేస్తూనే గోడ మీది చీటీ చూసేది. ఆ తర్వాతే ఆయన వైపు తిరిగేది. ఆయన అదంతా చూస్తూ పడుకునేవాడు. నువ్వూ అలా ముందు చీటీ చూసి నావైపు తిరిగితే భరించలేననిపించింది."

"మరి నన్ను మిమ్మల్ని చూడనిచ్చారా? రోజూ బాగున్నానని రాశారు. నేను పిచ్చిదానిలా దాన్ని పదిమందికీ చూపించుకున్నాను."

ఆయన ట్యాబ్లెట్ కోసం చెయ్యి చాచాడు. ఆమె స్టైలస్ లాగేసుకుని, పెన్నూ కాగితం చేతిలో పెట్టింది.

"అబద్ధమైనా సరే, దీని మీద రాయండి."

చాలాసేపు రాశాడు. ఆమె పేరు, దాని కింద "కోపం పోయిందా?" అని. ఏ అక్షరమూ నిలబడలేదు, పెన్ను ఎత్తేలోపే ఒరిగిపోయింది. ఆమె చదివింది. పోలేదు. పోయిందని అనడానికి నోరు రాలేదు. రేపు చూద్దాంలే అనుకుని, కాగితాన్ని కిటికీ దగ్గర మందుసీసా కింద పెట్టింది.

పొద్దున ఎండ మొహాన పడి మెలకువొచ్చింది. సీసా కింద కాగితం తెల్లగా ఉంది. ఆమె చాలాసేపు దాని వంకే చూస్తూ కూర్చుంది. మంచం వైపు ఇంకా తిరగనే లేదు.