ఫంక్షన్ హాల్లో పసుపు క్లాసు

ఇంకా చేతులు కడుగుతూనే ఉన్నాడు, నీళ్ళు లేవు, సబ్బు లేదు, వేదిక మీద నిలబడి ఉత్త గాల్లో చేతులు రుద్దుకుంటున్నాడు, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, మణికట్టు దాకా, ఆర్మూరు పక్కనే పెర్కిట్ ఫంక్షన్ హాల్లో కూర్చున్న మిల్లులవాళ్ళు, పచ్చళ్ళవాళ్ళు, మిఠాయి దుకాణాలవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు, పుట్టి ఇన్నేళ్ళయినా ఒక్కరూ చేతులు కడుక్కోనట్టు, ఛీ, ఏం మనుషులో అనుకుంది రజని, సొంత పసుపు మిల్లు నడుపుకునే తను వచ్చి కూర్చోవలసిన చోటా ఇది, నెత్తిన ఆ వలటోపీ ఒకటి, సంతలో సబ్బులమ్మేవాడిలా ఉన్నాడు, మళ్ళీ సారట, ఆహార భద్రత ట్రైనరట, ఆర్మూరుకొచ్చి పసుపుకు శుభ్రం నేర్పుతాడట, దెబ్బ తగిలితే పసుపు, పుండు లేస్తే పసుపు, గడపకు పసుపు, క్రిముల్ని చంపేదే అది, దానికి ఇతగాడు చెప్పేదేమిటి, అదుగో వెనకాల బల్లమీద వీళ్ళు పెట్టించిన బజ్జీల మీద ఈగలు ముసురుతున్నాయి, ముందు వాటికి చెప్పుకోమనాలి ఈ క్లాసేదో.

తెరమీద బొమ్మ మారింది, చిన్న కంపెనీలకు వ్యాపార లాభాలు అని పెద్దక్షరాలు, ట్రైనింగ్ తీసుకున్నవాళ్ళ సరుకు వెనక్కి రాదమ్మా, పెద్ద కంపెనీలే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయి అంటున్నాడు, ఆహా, దండలు పట్టుకుని వస్తారు కాబోలు, ముందు వరసలో కారం మిల్లు దేవిదాస్ లేచి, సారూ, సర్టిఫికెట్ అన్నం తినకముందు ఇస్తరా తిన్నంక ఇస్తరా, జర చెప్తే పని చూస్కుంటం అన్నాడు, హాలంతా పకపకా నవ్వింది, సిగ్గులేని మనిషి, గుట్కా పళ్ళు బయటపెట్టి అడగడానికి నోరెలా వచ్చిందో, అయినా తనొచ్చిందీ ఆ కాగితం కోసమే కదా, ట్రైనింగ్ అయిన మనిషి లేకపోతే ఆర్డర్ ఇవ్వబోమని హైదరాబాద్ మసాలా కంపెనీ తెగేసి చెప్పింది, ఆర్డర్ రాకపోతే మిల్లు నడవదు, మిల్లు నడవకపోతే జితేందర్ మళ్ళీ మస్కట్ పోతాడు, వీసా వచ్చి కూర్చుంది, మొగుడంటే ఫోన్లో గొంతు అన్నట్టు బతికిన ఆ ఏళ్ళు చాలు, ఇప్పుడిప్పుడే బిడ్డ అతని దగ్గర పడుకోవడం అలవాటు చేసుకుంది, అందుకే ఈ వలటోపీవాణ్ణి సాయంత్రం దాకా భరించాలి తప్పదు.

నేలమీద పడ్డ పొడి మళ్ళీ కలపకూడదట, పారెయ్యాలట, పారేస్తాడు, వాడి సొమ్మేం పోయింది, ఊడ్చి జల్లెడపట్టి మళ్ళీ గిర్నీలో పోస్తే ఎవడు కనిపెడతాడు, పొడి పొడే, మామ నడిపయ్య అట్లే పోశాడు, తామూ పోస్తున్నారు, ఎవరు చచ్చారు, ప్యాకెట్లు నింపేవాళ్ళ చేతులు చూడాలట, మిల్లులో పనిచేసే సువర్ణ పొద్దున బీడీలు చుట్టి మధ్యాహ్నం ఆ చేతులతోనే ప్యాకెట్లు నింపుతుంది, కొంగుకు తుడుచుకుంటుందిగా, ఇంకేం కావాలి, ఆమెకూ టోపీ పెట్టి పెళ్ళికూతుర్ని చెయ్యాలా, అంతలో ఒళ్ళో ఫోను వణికింది, జితేందర్, రజని కుర్చీలో ముందుకు వంగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, రజనీ, రేపొస్తనన్న కంపెనీ మేనేజర్ సారు గిప్పుడే వచ్చిండు, మస్తు మంచిగ మాట్లాడుతుండు, తినిపొమ్మన్న, యాట కూర పొయ్యి మీద పెట్టిన, పసుపు ఏదెయ్యాలె అన్నాడు, అయ్యో గదీ అడగాల్నా, మిల్లుది వద్దు, పై అరల మా తల్లిగారింటి డబ్బా ఉంటది, గదే ఎయ్యుండ్రి అంది రజని, సరే అని పెట్టేశాడు.

సరే అన్నాడు, ఎందుకు అని అడగలేదు, మిల్లు నిండా పసుపు పెట్టుకుని మీ అమ్మవాళ్ళ నందిపేట్ పసుపెందుకే అనలేదు, అంటే అతనికీ తెలుసు, అత్త లక్ష్మీనర్సమ్మకూ తెలిసే ఉంటుంది, ఆమె ఒక్కనాడూ మిల్లు ప్యాకెట్ విప్పి పప్పులో వెయ్యలేదు, బిడ్డకు దగ్గొస్తే పాలల్లో వేసేదీ డబ్బాలోదే, అమ్మ కొమ్ములు ఏరి, కడిగి, ఎండబెట్టి, రోట్లో దంచి పంపుతుంది, ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే ఇదంతా నడిచిపోతోంది, ఇప్పుడా మేనేజర్ డబ్బాలోది తిని, బాగుందని మూతి తుడుచుకుని, ప్యాకెట్లకు ఆర్డరిచ్చి పోతాడు, ఆ పొడి ఎవరి పిల్లల పాలల్లోకో, దేవిదాస్ ఇంట్లోనూ కారానికి వేరే సీసా ఉండే ఉంటుంది, ఉంటే ఉండనీ, అతన్ని తిట్టుకునే ఓపిక పోయింది, రేపు వాళ్ళు ప్యాకెట్ విప్పి చూసి ఆర్డర్ వద్దని, జితేందర్ విమానమెక్కితే ఆ పాపం ట్రైనర్‌ది కాదు, కంపెనీది కాదు, పొద్దుటి నుంచి ఈ హాల్లో అందరినీ చూసి ఛీ అనుకుంటూ కూర్చుంది, తన మిల్లు పసుపును లోకంలో అందరికన్నా ముందు ఛీ అన్నది తనే, పెళ్ళయి వచ్చిన నాటి నుంచి, రోజూ రెండు పూటలా, పొయ్యి ముందు నిలబడి.