నిప్పులో వెయ్యని పేరు

సకల జనుల సమ్మె రోజులవి. బస్సుల్లేవు, ఆటోలు లేవు. గూడూరు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి ఊరూ తండా కలిసి వంటావార్పు చేస్తున్నాయి. పటేలింటి శకుంతల పెరట్లో కోసిన పుంటికూరతో పప్పు దించింది. తండా నుంచి వచ్చిన నీలి, తన చేలో పండిన మక్కలు ఇసుర్రాయిలో విసిరి గటక వండింది. నీలి గటక అంటే మాటలా! వాసనకే సగం బంద్ విజయవంతమైందని ఊళ్ళో నవ్వుకున్నారు.

వండింది మనుషులకు పెట్టే ముందు తండావాళ్ళు చచ్చిపోయినవాళ్ళకు పెడతారు. పొయ్యి నిప్పుల్లో ఇంత బెల్లపన్నం, నెయ్యి వేసి పేరుపేరునా పిలుస్తారు. పిలిస్తేనే వాళ్ళకు ముద్ద అందుతుంది. తండా పెద్ద హీర్యా తన తండ్రిని పిలిచాడు, తాతను పిలిచాడు, నీలి మొగుణ్ణీ పిలిచాడు. ఆపైన నీలి వైపు చూశాడు.

"కిషన్‌ను గూడ పిలువుమంటవా, చెల్లె?"

నీలి గరిటె ఎత్తింది. "నీ నోట్ల మన్ను వడ! బతికున్నోని పేరు నిప్పుల ఏస్తరా? నా కొడుకు హైదరాబాద్ జులూస్‌కు పోయిండు. వస్తడు."

ఎండల్లో పోయినవాడు వానలు వెళ్ళిపోయినా రాలేదు. అది అందరికీ తెలుసు, అందరికంటే నీలికే ఎక్కువ తెలుసు. అయినా కన్నతల్లి నోటితో ఒప్పుకుంటుందా?

జనం బంతిలో కూర్చున్నారు. నీలి వడ్డించుకుంటూ చివరికి వచ్చేసరికి అక్కడ కిషన్ కూర్చుని ఉన్నాడు. పోయిననాటి కండువాయే మెడలో ఉంది.

"యాడీ, ఆకలైతాంది," అన్నాడు. తండాలో తల్లిని పిలిచే పిలుపు అది.

"వచ్చినవా నాయినా! ఎంత పరేషాన్ జేసినవురా నన్ను!" తిడుతూ, ఏడుస్తూ, నవ్వుతూ రెండు గరిటెలు వేసింది. హీర్యా వైపు తిరిగి, "కండ్లు దెరిసి సూడు, నా కొడుకు!" అని అరిచింది.

హీర్యా చూశాడు. నెయ్యి గిన్నె పట్టుకుని మళ్ళీ పొయ్యి వైపు తిరిగాడు.

పప్పు తెస్తున్న శకుంతల అక్కడిదాకా వచ్చి ఆగింది. "నీలక్కా, గీడ ఎవ్వలు లేరు గద, ఆకెందుకేసినవ్?"

కిషన్ ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకున్నాడు, మింగాడు. విస్తట్లో గటక వేసింది వేసినట్టే ఉంది. వేలి గుర్తయినా పడలేదు. మళ్ళీ కలిపాడు, మళ్ళీ మింగాడు.

"ఆకలైతాంది యాడీ. శాన దినాల సంది ఆకలైతాంది."

అరికాళ్ళ కింద తారు కాలుతోంది, నీలికి మాత్రం ఒళ్ళంతా చలి పుట్టింది. తన చేత్తో ముద్ద చేసి వాడి నోటికి అందించింది. ముద్ద ఆమె వేళ్ళలోనే మిగిలిపోయింది. వాడు అమ్మను చూడటంలేదు, పొయ్యిని చూస్తున్నాడు.

అప్పుడు తెలిసింది తల్లికి. పిలవకపోతే వాడికి అందదు. పిలిస్తే ఇక వాడు రాడు. అయ్యో, ఏ తల్లికి రావాలి ఇలాంటి బేరం!

లేచి పొయ్యి దగ్గరికి పోయి హీర్యా చేతిలోని గిన్నె లాక్కుంది. "జరుగన్నా. నేనే పిలుస్త. కన్నదాన్ని."

నెయ్యి పడి మంట లేచింది.

"కిషన్! నా కొడకా కిషన్! రా బిడ్డా, తిను!"

తిరిగి చూసేసరికి విస్తరి ఊడ్చినట్టు ఖాళీగా ఉంది. దాని ముందు ఎవరూ లేరు. శకుంతల పప్పు గిన్నె కింద పెట్టి విస్తట్లోకి వంగి చూసింది.

"ఎవలు తిన్నరు నీలక్కా?"

"నా కొడుకు తిన్నడమ్మా," అని నీలి నడిరోడ్డు మీద కూలబడి, ఇన్నాళ్ళూ ఏడవని ఏడుపంతా ఏడ్చింది.