రెండో అలర్ట్ రాలేదు

అంబులెన్సుల కంట్రోల్ రూమ్ సూపర్‌వైజరు ఫోనులో ఎప్పుడూ గొంతు పెంచదు. నాకు భయం అందుకే. తిట్టే మనిషైతే తిట్టించుకుని ఊరుకోవచ్చు. ఆవిడ నెమ్మదిగా, మాట మాటా విడదీసి చెప్పింది. స్క్రీన్ మళ్ళీ బిగుసుకుపోయిందట. ఏ బండి ఎక్కడుందో తెలియడం లేదట. కాగితాల మీదికి దిగి, డ్రైవర్లకు ఒక్కొక్కళ్ళకే ఫోన్ చేసి ఎక్కడున్నావని అడుగుతున్నారట.

"ఇవాళ్టికి ఎవరికీ ఏమీ కాలేదమ్మా. రేపటి సంగతి నేను చెప్పలేను," అని ఫోన్ పెట్టేసింది.

ఆ స్క్రీన్ వెనక నడుస్తున్నది మా సాఫ్ట్‌వేర్. ఒక పెద్ద కంప్యూటర్‌ను పది కంప్యూటర్లుగా నటింపజేయడం మా కంపెనీ వ్యాపారం. లోపల నడిచే ఒక్కో నకిలీ కంప్యూటరూ తానే అసలుదాన్ననుకుంటుంది. అలా అనుకునేలా దానికి పూటపూటా అబద్ధాలు చెప్పడం నా ఉద్యోగం. ఈ సంగతి విని మా ఆడపడుచు, "అయితే వదినా, జీతమిచ్చి మరీ నీచేత అబద్ధాలాడిస్తున్నారన్నమాట, మా అన్నయ్య కాస్త జాగ్రత్తగా ఉండాలి," అంది. అబద్ధం చెప్పిన మనిషి మా ఇంట్లో నేను కాదని అప్పటికి ఆవిడకూ తెలీదు, నాకూ తెలీదు.

కొత్త ప్రాసెసర్ వచ్చింది. ఎవరో కీ నొక్కారనీ, డిస్క్ పని ముగిసిందనీ, ఏదో ప్రోగ్రామ్ తప్పు చేసిందనీ ప్రాసెసర్‌కు కబుర్లు వస్తూనే ఉంటాయి. కబురు రాగానే చేతిలో పని ఆపి, దాని సంగతి చూసి, మళ్ళీ ఆపిన చోటికి రావాలి. వెళ్ళే పద్ధతినీ, తిరిగొచ్చే పద్ధతినీ కొత్త చిప్‌లో మొత్తం మార్చేశారు. మా నకిలీ కంప్యూటర్లకు కూడా ఆ కొత్త పద్ధతి నేర్పాలి. ఆ పని నా నెత్తిన పడింది.

కబుర్లలో ఒకటి మహా మొండిది. మామూలు కబుర్లను కాసేపు ఆగమనవచ్చు, దీన్ని అనలేం. కంప్యూటర్ బిగుసుకుపోతే తట్టి లేపేది ఈ అలర్టే. ఇది ఒకటి లోపలికి వెళ్ళగానే వెనక తలుపు మూసుకుంటుంది. వెళ్ళింది పని చూసుకుని బయటికొచ్చేదాకా రెండోది లోపలికి పోలేదు. పాత చిప్‌లలో బయటికి రాగానే తలుపు దానంతటదే తెరుచుకునేది. కొత్తదాంట్లో అలా కాదు. వచ్చేటప్పుడు చేతిలో ఒక గుర్తు ఉంటేనే తెరుచుకుంటుంది. గుర్తు లేకపోతే తలుపు మూసే ఉంటుంది, ఎవరికీ ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

కంట్రోల్ రూమ్‌లో జరిగింది అదే. మొదటిసారి స్క్రీన్ బిగుసుకున్నప్పుడు అలర్ట్ వెళ్ళింది, మెషీన్ లేచింది. రెండోసారి అలర్ట్ రాలేదు.

మా పెద్దాయన, అంటే మా టీమ్ పెద్ద, ఇలాంటివి జరగకూడదనే ఒక రూలు పెట్టాడు. చిప్ చేతికి రావడానికి చాలా ముందే దాని మాన్యువల్ వస్తుంది. దాన్ని ఒకరు చదివి, అచ్చం ఆ చిప్‌లా నటించే ప్రోగ్రామ్ రాస్తారు. దాన్ని మేం ఉత్తుత్తి చిప్ అంటాం. అదే మాన్యువల్‌ను ఇంకొకరు విడిగా చదివి సాఫ్ట్‌వేర్ మారుస్తారు. వీళ్ళ పనిని వాళ్ళ ఉత్తుత్తి చిప్ మీద నడిపి చూస్తాం. ఎక్కడైనా తేడా వస్తే ఎవరో ఒకరు తప్పు చదివారని అర్థం. అందుకని ఆ ఇద్దరూ ఈ పని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఆఫీసులో దీన్ని గోడ అంటారు.

ఈసారి ఉత్తుత్తి చిప్ రాసింది మా ఆయన.

మొగుడూ పెళ్ళాల మధ్య గోడ కట్టడానికి కంపెనీ దాకా ఎందుకని అందరూ ఆటపట్టించారు. పెద్దాయన మాత్రం నన్ను పక్కకు పిలిచి, ఇంట్లో దీని గురించి మాట్లాడుకోరు కదా అని అడిగాడు. "మేం ఇంట్లో అసలేమీ మాట్లాడుకోమండీ," అన్నాను. ఆయన జోకనుకుని హాయిగా నవ్వాడు.

జోకు కాదు. నెలలు నిండాక మా బాబు నా కడుపులోనే పోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో వినబడిన మాటలన్నీ కలిపితే ఇంతే: ఉప్పు ఇటివ్వు, తాళం నీ దగ్గరుందా, పాలు తేవాలి. మా అత్తగారు ఫోన్ చేసి, జరిగిందేదో జరిగింది, దిగమింగుకుని ముందుకు పోవాలమ్మా అంది. మేమిద్దరం బుద్ధిమంతులం కదా, చెప్పినట్టే దిగమింగుకున్నాం. నాకు ఆయన మీద కోపమేమీ లేదు. ఆయనకూ నా మీద లేదనుకుంటాను. కానీ ఎదురెదురుగా కూర్చుంటే ఊపిరాడేది కాదు. ఇలాగే కొన్నాళ్ళు సాగితే మేం విడిపోవడానికి గొడవ కూడా అక్కర్లేదని నాకు తెలుస్తూనే ఉంది. ఆ తెలియడం భరించలేకపోయేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం హాల్లో చెరో మూలా కూర్చుని అదే మాన్యువల్ చదువుతున్నాం. ఉన్నట్టుండి ఆయన తలెత్తి, ఆ తలుపు తెరిచే గుర్తు ఎవరు పెడతారంటావు అన్నాడు. రూలు నాకు గుర్తుంది. కానీ ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగి ఎన్నాళ్ళయిందో కూడా గుర్తుంది. చిప్పే పెడుతుంది కాబోలన్నాను. ఎలా అన్నాడు. ఇలా అని చెప్పాను. చివరికి ఆయన లేచి, నేనే అలర్ట్‌ను, వంటగదే ప్రాసెసర్ అని, ఒక స్పూన్‌ను గుర్తుగా చేత్తో పట్టుకుని వంటగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. బయటికొచ్చే ఊపులో గడపకు కాలు తట్టుకుని, పడబోయి, తలుపు పట్టుకుని వేలాడాడు. స్పూన్ మాత్రం వదల్లేదు. నేను నవ్వాను. ఆ చప్పుడు నా గొంతులోంచే వచ్చిందని తెలియడానికి కాసేపు పట్టింది. ఆయన తలుపు పట్టుకుని అలాగే నన్ను చూస్తూ నిలబడిపోయాడు.

గుర్తు చిప్పే పెడుతుందని ఆ మధ్యాహ్నం ఇద్దరం తేల్చేశాం.

ఆ తర్వాత రోజూ సాయంత్రం మాన్యువలే మా కబుర్లు. గోడ పూర్తిగా కూలిపోయింది. తప్పని తెలుసు. అయినా ఆ కబుర్ల కోసం నేను రోజంతా ఎదురుచూసేదాన్ని, సిగ్గు విడిచి చెబుతున్నాను. నా కోడ్ ఆయన ఉత్తుత్తి చిప్ మీద ఒక్క పరీక్ష కూడా తప్పకుండా పాసయింది. అసలు చిప్ ఉన్న బోర్డు మాకు రావడం ఆలస్యమైంది. కంట్రోల్ రూమ్ వాళ్ళ పాత మెషీన్లు ఏ క్షణంలో చస్తాయో తెలీని స్థితిలో ఉన్నాయి. కొత్త చిప్ ఉన్న మెషీన్లు నేరుగా వాళ్ళకే చేరడంతో పెద్దాయన నా కోడ్‌ను ట్రయల్‌కు పంపించేశాడు.

ఇప్పుడు బోర్డు వచ్చి నా బల్ల మీద ఉంది. సూపర్‌వైజర్ ఫోన్ పెట్టేశాక దాని మీద నడిపి చూశాను. మొదటి అలర్ట్ వెళ్ళింది, రెండోది రాలేదు. అదే కోడ్ ఉత్తుత్తి చిప్ మీద నడిపితే రెండోది వచ్చింది, మూడోది వచ్చింది, అడిగినన్ని వచ్చాయి. నా కోడ్ లైను లైనూ చదివాను. మళ్ళీ చదివాను. తప్పెక్కడా కనబడలేదు. ఫోన్ మోగినప్పుడల్లా ఎవరో పోయారన్న కబురేననుకునేదాన్ని. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ మొదటి లైను నుంచి చదివాను. నా చేతిలో ఇంకో ప్రాణం పోతుందేమోనన్న మాట బుర్రలోంచి పోవడం లేదు. ఇంకో అన్న మాట ఎందుకొచ్చిందో నాకు తెలుసు.

పెద్దాయన మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచాడు. ఇద్దరు మనుషులు విడివిడిగా, ఒకరికొకరు చెప్పుకోకుండా చదివారు, ఇద్దరికీ ఒకే అర్థం వచ్చింది, చిప్ మాత్రం ఇంకోలా చేస్తోంది, కాబట్టి చిప్‌దే తప్పు అన్నాడు. గోడ ఉన్నది ఇలాంటప్పుడు ఇలా తేల్చడానికే. చిప్ కంపెనీకి ఇప్పుడే ఫోన్ చేస్తానన్నాడు. వాళ్ళు ఒప్పుకుని సరిచేసేదాకా, అది ఎన్ని నెలలైనా సరే, కంట్రోల్ రూమ్‌ను కాగితాల మీదే ఉండమని చెబుదామన్నాడు.

ఒక్క క్షణం నా ప్రాణం లేచొచ్చింది. తప్పు నాది కాదు. మరుక్షణం తట్టింది. ఇద్దరు చదివారని పెద్దాయన అనుకుంటున్నాడు. ఇద్దరెక్కడ? ఆ ఆదివారం మేం ఒకళ్ళమే చదివాం, రెండు నోళ్ళతో. మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఆశ్చర్యం లేదు ఆ మొహంలో. ఆశ్చర్యమే కదా ఉండాల్సింది.

ఒక్క నిమిషమండీ అని పెద్దాయనతో చెప్పి, మా ఆయన్ను మెట్ల దగ్గరికి లాక్కొచ్చాను.

"చిప్ తప్పు కాదు," అన్నాడు, నేనింకా నోరు తెరవకముందే. "బయటినుంచి వచ్చే అలర్ట్‌కైతే చిప్పే గుర్తు పెడుతుంది. మన సాఫ్ట్‌వేర్ నకిలీ కంప్యూటర్ లోపలికి పంపే అలర్ట్‌కు గుర్తు మనమే పెట్టాలి. వెనక ఇంకో చాప్టర్లో విడిగా రాశారు."

"నీకెప్పుడు తెలిసింది?"

"ట్రయల్‌కు పంపకముందే."

చెయ్యి లేచింది. ఎలాగో ఆపుకుని మెట్ల రెయిలింగ్‌ను కొట్టాను. అది ఇనుము, నాకే దెబ్బ తగిలింది. అక్కడ మనుషులు బతికున్నవాళ్ళో చచ్చినవాళ్ళో తెలీక ఆవిడ కాగితాలు పట్టుకుని కూర్చుంటే, నేను ఇక్కడ పిచ్చిదానిలా నా కోడ్ నేనే తవ్వుకుంటుంటే, చూస్తూ ఎలా కూర్చున్నావని అడిగాను. అడిగానంటే చాలా మర్యాదగా చెబుతున్నట్టు. మెట్ల మీద వెళ్ళేవాళ్ళు ఆగి మరీ వెనక్కి తిరిగిపోయారు.

బోర్డు వస్తే దానంతటదే బయటపడుతుందనుకున్నాడట. తాను చెప్పక్కర్లేకుండా పోతుందనుకున్నాడట. బోర్డు ఆలస్యమైంది, ట్రయల్ వెళ్ళిపోయింది, ఇక చెప్పడానికి ధైర్యం చాల్లేదట.

"చెబితే ఆ ఆదివారం తప్పని చెప్పాలి," అన్నాడు. "వాడు పోయాక నువ్వు నవ్వింది ఆ ఒక్క రోజే. తర్వాత ఆ మాన్యువల్ గురించే మాట్లాడుతున్నావు నాతో. అదీ ఆపేస్తావని భయమేసింది."

కోపం అలాగే ఉంది, తగ్గలేదు. దాని పక్కన జాలి వచ్చి కూర్చుంది. ఆయన నాకంటే ముందే వెనక్కి తిరిగి పెద్దాయన గదిలోకి వెళ్ళాడు. నేను వెళ్ళేసరికి అంతా చెప్పేశాడు. నేనడిగాను, ఆమె చెప్పింది అనలేదు. మేమిద్దరం మాట్లాడుకున్నాం, తప్పని తర్వాత నాకు తెలిసింది, దాచాను అన్నాడు.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఉత్తుత్తి చిప్ పని మా ఆయన చేతుల్లోంచి తీసేసి వేరేవాళ్ళకిచ్చాడు. నన్ను మాత్రం మార్చలేదు, మార్చేంత టైమ్ లేదు.

"ఇకమీదట ఇంట్లో దీని గురించి ఒక్క ముక్క మాట్లాడినా ఇద్దరూ వేరే ఉద్యోగం చూసుకోండి," అన్నాడు. "మీ కాపురం సంగతి కాదమ్మా నేను మాట్లాడేది. ఆ కంట్రోల్ రూమ్ సంగతి."

సరిచేయడానికి ఎంతో కాదు, ఒక్క లైను. మేం పంపే అలర్ట్ చేతిలో గుర్తు పెట్టడం. పాపం అవతలి టీమ్ మనిషిని పట్టుకొచ్చి, ఏమీ చెప్పకుండా ఆ రెండు చాప్టర్లూ చదివించి, నేను రాసింది చూపించాం. అతను తలూపాడు. బోర్డు మీద రెండో అలర్ట్ వచ్చింది. మూడోదీ వచ్చింది. కంట్రోల్ రూమ్‌కు పంపించి, అక్కడ కావాలని స్క్రీన్‌ను బిగిసేలా చేయించి, మళ్ళీ చేయించి చూశాం. రెండుసార్లూ లేచింది. మెషీన్ లేచిందని సూపర్‌వైజర్ చెప్పింది, థాంక్స్ చెప్పలేదు. ఎవరికీ ఏమీ కాలేదని మాత్రం నేను అడగకుండానే చెప్పింది. ఆ మాట విన్నాక కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

సాయంత్రం ఒకే బండి మీద ఇంటికొచ్చాం. స్నానాలు చేశాం. బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. మాన్యువల్ ఆఫీసులో వదిలేసి వచ్చాను, ఇంట్లో ఉన్నా దాని మాట ఎత్తడానికి లేదు. ఇంకే మాటా లేదు మా దగ్గర. ఆయన గ్లాసు కదిపితే వినబడుతోంది. ఇలాగే రేపు, ఎల్లుండి, ఆ పైన అని తలుచుకుంటే నాకు లేచి వీధిలోకి పరిగెత్తాలనిపించింది. కోపమైనా మిగిలితే బాగుండేది, కనీసం అరవవచ్చు. అదీ అయిపోయింది. ఇక ఇంతే, అయిపోయాం అనుకున్నాను.

"వాడు ఎలా ఉన్నాడు?" అన్నాడు ఆయన.

నాకు అర్థం కాలేదు. ఎవరని అడిగాను.

"ఆస్పత్రిలో నర్సు తెచ్చి చూపిస్తానంది. నేను బయటికి వెళ్ళిపోయాను," అన్నాడు. ప్లేటు వైపే చూస్తున్నాడు. "నువ్వు చూశావు. నిన్ను అడగాలని రోజూ అనుకుంటాను. మొహం ఎలా ఉంది వాడిది?"

నేను వాడిని ఎత్తుకున్నాను. ఎత్తుకున్నానని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

"ముక్కు నీదే," అన్నాను. "నుదురు మా నాన్నది. కళ్ళు ఎవరివో తెలీదు, తెరవలేదు కదా."

ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆ చేతుల్లోంచే అడిగాడు.

"జుట్టుందా?"

"ఉంది," అన్నాను. "ఒత్తుగా ఉంది."