తెల్లమచ్చ ఎలుగు

ఆనందమ్మకు ఏడేళ్లప్పుడు వాళ్లమ్మ కాన్పులో చనిపోయింది. ఆ నెలలోనే ఆదిలాబాద్‌లోని చర్చిలో ఒక బొమ్మల సినిమా వేశారు. చేత్తో తిప్పే యంత్రం. మాటా లేదు, పాటా లేదు. తెల్లగుడ్డ మీద గీసిన ఎలుగుబంట్లు నడుస్తుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. కథేమిటో ఎవరికీ తెలియదు కాబట్టి, పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసే ఆమె తండ్రి తోమాసు, కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని తానే చెప్పాడు.

"గా పిల్ల ఏట్లె కొట్టుకపోయింది బిడ్డా. వాళ్లవ్వ ఎతుక్కుంట వస్తది సూడు. ఆఁ, గదిగో వచ్చింది!"

అమ్మ వస్తుంది. ఆ మాట పిల్ల మనసులో గట్టిగా నాటుకుంది. రెండేళ్లకు తోమాసు సమ్మక్కను మనువాడి తెచ్చినప్పుడు, ఆమె ఎంత పిలిచినా ఆనందమ్మ దగ్గరికి పోలేదు. అమ్మ తిరిగొచ్చేసరికి ఆ చోటు ఖాళీగా ఉండాలని ఆమె పట్టుదల. పెద్దదై, హుస్నాబాద్ బడిలో టీచరైనాక కూడా సమ్మక్కను పేరు పెట్టే పిలిచేది.

1967 చలికాలంలో ఒక మధ్యాహ్నం ప్రభుత్వ ప్రచార బండి బడికి వచ్చింది. మశూచి టీకాల సినిమా చూపించాలి. పిల్లలు కుదురుగా కూర్చోవడానికి ముందు ఒక బొమ్మల సినిమా వేస్తానన్నాడు బండితో వచ్చిన లక్ష్మీరాజం. కిటికీలకు గొంగళ్లు కట్టారు. తెర మీద ఏరు కనబడగానే ఆనందమ్మ గుర్తుపట్టింది. అదే ఎలుగుపిల్ల!

ఈ యంత్రం మాటలు కూడా వినిపించింది, కానీ ఇంగ్లీషులో.

"ఏమంటుండు టీచరమ్మా?" అని పిల్లలు గోల పెట్టారు.

"నాకైతే రాదు. మీరే చెప్పుండ్రి మేడం," అన్నాడు లక్ష్మీరాజం.

ఆనందమ్మ తెర పక్కకు వెళ్లి నిలబడింది. "పిల్ల ఏట్లె పడ్డది. వాళ్లవ్వ సుత దుంకింది..." అని చెబుతూ ఆగిపోయింది. తల్లి ఎలుగు బండకు కొట్టుకుని మునిగిపోయింది. మళ్లీ తేలలేదు. పిల్లను ఒడ్డుకు లాగింది మరో ఎలుగు. దాని ఎదమీద తెల్లమచ్చ ఉంది. చిన్నప్పుడు ఆ మచ్చను ఆమె చూడనే లేదు.

"గామె వాళ్లవ్వేనా?" అని అడిగింది ముందు కూర్చున్న నర్మద.

అవునని చెప్పడం ఆనందమ్మకు ఎంతో తేలిక. "కాదు," అంది స్పష్టంగా. "వాళ్లవ్వ సచ్చిపోయింది. గీమె వేరే. ఏం జేస్తదో సూడుండ్రి."

ఎలుగుపిల్ల కొత్త ఎలుగును కరిచింది. పెట్టిన చేపను తన్నేసింది. చలికాలమంతా ఆ ఎలుగు చేపలు తెస్తూనే ఉంది. తడబడకుండా చివరిదాకా చెప్పి, ఆనందమ్మ లక్ష్మీరాజం దగ్గరికి వెళ్లింది.

"బండి ఆదిలాబాద్‌కు ఎన్నడు పోతది?"

"వచ్చే శనివారం. పత్తి మార్కెట్ల ఏస్తం."

శనివారం ఆమె ఆదిలాబాద్‌లో ఉంది. పొద్దుగూకగానే మార్కెట్లో చాప పరిచి, బాపునూ సమ్మక్కనూ కూర్చోబెట్టి, తాను వాళ్ల మధ్య కూర్చుంది. తెర మీద జరిగేదంతా చెబుతూ పోయింది. తల్లి ఎలుగు మునిగిపోయిన చోట తోమాసు తల వంచుకున్నాడు.

"గది మునిగిందని నాకు గప్పుడే ఎరుక బిడ్డా. మీ అవ్వను మట్టి చేసి నెల గాలే. నీకేం చెప్పాలె?"

"నువ్వు మంచికే చెప్పినవు బాపు. నేనే గా మాటను మస్తు ఏండ్లు పట్టుకొని కూసున్న."

సమ్మక్కకు ఇవేమీ వినబడలేదు. ఆమె కళ్లు తెర మీదే ఉన్నాయి. పిల్ల చేపను తన్నేసిన చోట పకపకా నవ్వింది. "గా ఎలుగుకు ఓపిక ఎక్కువనే. నేనైతే ఈపు మీద రెండు ఏద్దును!"

"ఎయ్యలేదు గద," అంది ఆనందమ్మ.

"ఎవలకు?"

"నాకు. ఒక్కసారి సుత ఎయ్యలేదు."

సమ్మక్క తెర మీంచి కళ్లు తిప్పి ఆమెను చూసింది. "ఎయ్యబుద్ధయింది," అంది. "మీ బాపు ఏమంటడో అని ఊకున్న."

ఆనందమ్మ గట్టిగా నవ్వేసింది. సమ్మక్కా ఆగలేకపోయింది. "జర సప్పుడు చెయ్యకుండ్రి!" అని వెనక ఎవరో కసిరారు.

"అవ్వా, నా ఎంబడి హుస్నాబాద్ రారాదు? నాలుగు దినాలుండి పోదువు," అంది ఆనందమ్మ.

సమ్మక్క చెంగు సర్దుకుని, "మీ బాపుకు వండేదెవలు?" అంది.

"నేను వండుకుంట. పో," అన్నాడు తోమాసు.

సోమవారం ఇద్దరూ బస్సెక్కారు. సమ్మక్క కిటికీ పక్కన కూర్చుని, ముందు సీటులోని ఆడమనిషికి "నా బిడ్డ, టీచరు" అని చెప్పి, దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది.