చంటిగాడికి మెత్తటి టైర్లు

రేపు పొద్దున మా తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్లొచ్చని ఆస్పత్రివాళ్లు చెప్పిన దగ్గర్నుంచీ నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కరెంటు స్తంభం మీంచి పడి వెన్నెముక విరగ్గొట్టుకున్నాడు మా చంటిగాడు. ముప్పై దాటినా మాకు చంటిగాడే. నడుములో రాడ్లు వేసి ఇంకా నెల తిరగలేదు. "గట్టి కుదుపు తగిలిందంటే రాడ్డు కదిలి కాళ్లు పడిపోవచ్చు. జాగ్రత్త" అని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు.

అంబులెన్సు పిలుద్దామంటే వాడు ససేమిరా అన్నాడు. పడిన రోజు అందులోనే తెచ్చారు. గుంత గుంతకీ వాడు పెట్టిన కేకలు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉన్నాయి.

"నువ్వే తీసుకెళ్లక్కా. నీ చేతిలో బండి ఉంటే నాకు భయం లేదు" అన్నాడు.

వాడికి లేదు, బాగానే ఉంది. మరి నాకో? నేను డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్తాను. నేను కసిరితే నేర్చుకోవడానికొచ్చిన పెద్ద పెద్ద మగాళ్లు కూడా బ్రేకు బదులు హారన్ నొక్కుతారు. అలాంటి నాకు, ఆ మాట వినగానే గుండె జారిపోయింది.

తీరా చూస్తే మా కారు టైర్లు అరిగి బోడిగుండులా ఉన్నాయి. మా ఆయన్ని వెంటబెట్టుకుని అప్పటికప్పుడు టైర్ల కొట్టుకు వెళ్లాను.

కొట్టంతా రబ్బరు వాసన. గాలి మిషను రొదలో ఎవరి మాట ఎవరికీ వినపడదు. కొట్టాయన కారు తలుపు తీసి, పక్కన అంటించి ఉన్న స్టిక్కరు చూశాడు. "నూట డెబ్బై అయిదు, అరవై అయిదు, పద్నాలుగు. మీ బండికి కంపెనీ ఇచ్చిన సైజమ్మా ఇది."

"అంటే ఏంటండీ?" అన్నారు మా ఆయన. ఆయనకు ప్రతిదీ కావాలి.

"మొదటిది టైరు వెడల్పు. చివరిది చక్రం సైజు, చక్రాలు ఎలాగూ మార్చం. మధ్యలోది టైరు పక్కగోడ ఎత్తు లెక్క. అది పెరిగేకొద్దీ బండి మెత్తగా పోతుంది."

మెత్తగా అన్న మాట నా చెవిన పడింది. ఇక ఆ తర్వాత ఏమీ పడలేదు.

"అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నదేది?"

"నూట ఎనభై అయిదు, డెబ్బై ఉంది. కానీ కంపెనీ సైజైతే..."

"ఈ చక్రానికి పడుతుందా, పడదా?"

"పడుతుందమ్మా. వేయించుకునేవాళ్లూ ఉన్నారు. కాకపోతే కంపెనీ వాళ్లు..."

"ఆ కంపెనీ వాళ్ల తమ్ముడికేమన్నా నడుం విరిగిందా?"

పాపం, కొట్టాయన నోరు మూసుకుని పనివాళ్లను కేకేశాడు. టైర్లు ఎక్కించాక స్టీరింగు అటూ ఇటూ తిప్పి చూపించాడు. ఎక్కడా తగల్లేదు. మా ఆయన మాత్రం వంగి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చెయ్యి దూర్చి చూసి, "ఇది ఖాళీ బండి కదే" అన్నారు.

"అయితే?"

"బరువేసి చూడాలి."

ఆయన లిఫ్టు మెకానిక్కు. కొత్త లిఫ్టులోకి మనుషుల్ని ఎక్కించే ముందు మనుషులంత బరువు ఇసుక బస్తాలు వేసి పైకీ కిందకీ తిప్పుతారట. ఆ చాదస్తం ఇంట్లో మంచాల దాకా వచ్చింది, ఇప్పుడు నా కారు దాకానూ! నేను పట్టించుకోకుండా బండి ఎక్కాను. అబ్బ, ఏం పోయిందని! రోడ్డు మీద గుంతలు పూడ్చేశారా అనిపించింది. పొద్దుటి నుంచీ బిగదీసుకుపోయిన నా భుజాలు కాస్త దిగాయి.

ఆయన మాట మీద ఆయన ఉన్నారు. తను పని చేసే చోట కారు ఆపించి బస్తాలు మోసుకొచ్చారు. ముందు సీటు వెనక్కి వాల్చి ఒక బస్తా పడుకోబెట్టి బెల్టు పెట్టారు. అది చంటిగాడట. మా అమ్మ కూర్చునే చోట రెండు పెట్టారు.

"మా అమ్మకి రెండు బస్తాలా?"

"ఒకటి తీసేయమంటావా?"

ఒక్క క్షణం ఆలోచించి, "ఉండనివ్వండి" అన్నాను. ఆయన కూడా ఎక్కి వెనకాల కూర్చున్నారు.

రేపు వచ్చే దారే చూద్దామని ఆస్పత్రికి పోనిచ్చాను. ఆస్పత్రి వాకిట్లోంచి గేటుకు దిగడానికి ఏటవాలు దారి ఒకటుంది. దిగుతూనే స్టీరింగు పూర్తిగా తిప్పాలి. తిప్పాను. గర్రుమని చప్పుడు. నా చేతుల్లో స్టీరింగు విదిలించుకుంది, బండి దబ్బుమని ఊగింది, చంటిగాడి బస్తా జారి తలుపుకు కొట్టుకుంది.

బస్తాను చూస్తూ ఉండిపోయాను. రేపు పొద్దున అక్కడ ఉండేది ఇసుక కాదు.

మా ఆయన దిగి చూశారు. టైరు రాసుకుని మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్కు గీసుకుపోయింది. "నేను చెప్పలా" అంటారని కాచుకున్నాను. అనలేదు. అంటే నేనూ నాలుగు అని తేలికపడేదాన్ని.

మళ్లీ కొట్టుకు పరుగు. షట్టరు సగం దించేశారు. "రేపు రండమ్మా" అన్నాడాయన. ఎవరినీ బతిమాలి ఎరగను. "రేపు మా తమ్ముణ్ణి తెచ్చుకోవాలండీ, దణ్ణం పెడతాను" అని నిజంగానే చేతులు జోడించాను. షట్టరు పైకి లేచింది. కంపెనీ సైజే వేయించాను, గాలి కూడా స్టిక్కరు మీద రాసినంతే. మళ్లీ బస్తాలతో ఆ దారి దిగాం. చప్పుడు లేదు. కానీ ఇందాకటి మెత్తదనమూ లేదు. ప్రతి గుంతా నా అరచేతుల్లోకి వచ్చి చెప్పిపోతోంది. ఇదే రేపు వాడి నడుముకూ చెప్తుంది కదా అని బెంగ పట్టుకుంది.

పొద్దున వాణ్ణి మెల్లగా ముందు సీట్లో పడుకోబెట్టాం. మెడకు తువ్వాలు చుట్టుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఏటవాలు దిగుతూ స్టీరింగు పూర్తిగా తిప్పాను. చప్పుడు లేదు. దారంతా నా చెవులు టైర్ల మీదే. నత్తనడకన పోతుంటే వెనకవాళ్లు హారన్లు కొట్టారు, తిట్టారు. తిట్టుకోనీ.

వాడు కిక్కురుమనలేదు. సూదిమందు చూస్తేనే వీధంతా పోగయ్యేలా గోలపెట్టేవాడు, ఇంత దారిలో ఒక్క మూలుగు లేదు! "నిద్రపోయాడే పిచ్చి సన్నాసి" అంది వెనకనుంచి అమ్మ. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటి ముందు బండి ఆపి, "చూశారా నా డ్రైవింగు!" అని మా ఆయన దగ్గర కాస్త గొప్పలు కూడా పోయాను.

ఇద్దరం పట్టుకుని వాణ్ణి చక్రాల కుర్చీలోకి దించాం. మొహం పాలిపోయి ఉంది. "టైర్లు భలే ఉన్నాయక్కా" అన్నాడు నవ్వుతూ.

సీటు మీద తువ్వాలు మిగిలిపోయింది. మడిచి పెడదామని తీశాను. ఒక కొస ఉండలా చుట్టి ఉంది, తడిసి ముద్దయి ఉంది. విప్పితే పంటిగాట్లు. ఒకచోట గుడ్డ చిరిగి దారాలు వేలాడుతున్నాయి.

"ఏరా వెధవా! నొప్పేస్తే చెప్పడానికేం? నోరు పడిపోయిందా?" అని అరిచాను.

"చెప్తే నీ చేతులు వణుకుతాయి కదక్కా."

మోకాళ్ల మీద కూర్చుని వాడి పాదాలు పట్టుకున్నాను. "వేళ్లు కదుపు. కదపరా, నీకు పుణ్యముంటుంది."

కదిపాడు. రెండు కాళ్లవీ కదిలాయి. "సరేనా? లోపలికి తీసుకెళ్తావా, ఇక్కడే కూర్చోబెడతావా?" అన్నాడు.

మా ఆయన కుర్చీ తోసుకుంటూ వాణ్ణి లోపలికి తీసుకెళ్లారు. నేను ఆ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, వీధిలో అందరూ చూస్తుండగానే, కారు పక్కన కూర్చుని భోరుమన్నాను.